సొరబుర్ర, బొంబియా: మాతే సామాను ఎంపిక, సంరక్షణ

యెర్బా మాతే అర్జెంటీనా, ఉరుగ్వే, పరాగ్వే, దక్షిణ బ్రెజిల్‌లలో పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా తాగే పానీయం. ఐలెక్స్ పరాగ్వారియెన్సిస్ అనే చెట్టు ఆకులను ఎండబెట్టి, నలగ్గొట్టి, వేడినీళ్లు పోసి తాగుతారు. గ్వరానీ ఆదివాసుల నుంచి వచ్చిన అలవాటు ఇది. ఆ తర్వాత జెసూయిట్ మిషనరీలు ఈ చెట్టును తోటలుగా పెంచారు. అర్జెంటీనా 2013లో ఏకంగా చట్టం చేసి దీనికి జాతీయ పానీయం హోదా ఇచ్చింది.

టీ మాదిరిగా దీన్ని వడకట్టరు. తాగే పాత్ర అయిన సొరబుర్రలోనే ఆకు ఉంటుంది. అడుగున జల్లెడ ఉన్న లోహపు గొట్టంతో పీలుస్తారు. ఈ గొట్టమే బొంబియా. ఒకసారి వేసిన ఆకు మీదే మళ్లీ మళ్లీ నీళ్లు పోస్తూ, ఒకే బుర్రను, ఒకే గొట్టాన్ని చుట్టూ కూర్చున్నవాళ్లంతా పంచుకుంటారు. నలుగురి నోటికీ చేరే సామాను కాబట్టి దాని ఎంపికా శుభ్రతా రెండూ ముఖ్యమే.

సంప్రదాయ మాతే పాత్ర ఎండిన సొరకాయ బుర్ర. వృక్షశాస్త్రం లెక్కన అది మన పెరళ్లలో కాసే సొరకాయే, లాజినేరియా సిసిరేరియా. తెలంగాణ కిన్నెర వాయిద్యానికి కట్టేది ఈ జాతి బుర్రనే, పూర్వం పొలాలకు నీళ్లు మోసుకెళ్లిందీ ఇందులోనే. కొనేటప్పుడు ముందు చూడాల్సింది గోడ మందం. మందమైన బుర్ర చేతికి బరువుగా తగులుతుంది, వేడిని నిలుపుతుంది, తొందరగా పగలదు. అంచు దగ్గర సన్నని నెర్రె కనిపించినా వదిలేయాలి. వేడినీళ్లు తగిలేకొద్దీ అది కిందికి పాకుతుంది. లోపల రంగుగానీ వార్నిష్‌గానీ పూసిన బుర్ర అసలు పనికిరాదు. అడుగు నిలకడగా ఉందా, లేక దానికి వేరే స్టాండు కావాలా అన్నదీ చూసుకోవాలి. ఒక్కరే తాగేవాళ్లకు చిన్న బుర్ర మేలు, ఆకు వృథా కాదు.

కొన్ని బుర్రలకు మూతి చుట్టూ లోహపు పట్టీ ఉంటుంది. అది అంచును కాపాడుతుంది. చుట్టూ తోలు కుట్టినవి చూడముచ్చటగా ఉంటాయిగానీ, లోపలి పగులును తోలు దాచేస్తుంది. అలాంటి బుర్రను వెలుతురుకు ఎత్తి, లోపలి వైపునుంచి నిదానంగా చూడాలి.

చెక్క పాత్రలూ ఉన్నాయి. పాలో సాంతో చెక్కది తన సువాసనను పానీయానికి ఇస్తుంది. బ్రెజిల్‌లో పచ్చగా, పొడిపొడిగా ఉండే ఆకు కోసం కూయా అనే పెద్ద బుర్ర వాడతారు. పరాగ్వేలో చల్లని నీళ్లతో చేసే తెరెరేకు పశువుల కొమ్ముతో గానీ చెక్కతో గానీ చేసిన గ్వాంపా వాడతారు. తెరెరే సంప్రదాయాన్ని 2020లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. మాతే అలవాటు గట్టిగా పాతుకున్న సిరియాలో చిన్న గాజు గ్లాసుల్లో తాగుతారు. గాజు, పింగాణీ, స్టీలు పాత్రలకు పోషణ అక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అవే సుఖం. అయితే కాలం గడిచేకొద్దీ బుర్రకు పట్టే రుచి వాటికి పట్టదు.

బొంబియా విషయంలో స్టెయిన్‌లెస్ స్టీలును మించింది లేదు. అల్పాకా అనే పేరుతో అమ్మేది మన దగ్గర జర్మన్ సిల్వర్ అనే రాగి, నికెల్, జింకుల మిశ్రమమే. చవకరకం గొట్టాలకు పైపూత లేచిపోతుంది, వాటి జోలికి పోకూడదు. జల్లెడ ఊడదీసి కడిగే వీలుండాలి. ఆకు ఎంత మెత్తగా ఉంటే రంధ్రాలు అంత సన్నగా ఉండాలి, లేకపోతే నోట్లోకి పొడి వస్తుంది.

కొత్త బుర్రను వాడే ముందు పదును చేయాలి. లోపల తడిపిన మాతే ఆకు నింపి, వేడినీళ్లు పోసి ఒక రోజు అలా వదిలేస్తారు. మర్నాడు ఆకు తీసేసి, చెంచా అంచుతో లోపలి మెత్తని పొరను గీకుతారు. నాని ఊడొచ్చే గుజ్జు పొరంతా పోవాలి, అడుగున తొడిమ మొదలు మాత్రం కదపకూడదు. అక్కడ కన్నం పడితే బుర్ర కారుతుంది. పొర ఇంకా మిగిలితే రెండోసారి ఇలాగే చేసి, గాలికి పూర్తిగా ఆరనిస్తారు. పాలో సాంతో పాత్రకైతే లోపల వెన్నగానీ నూనెగానీ రాసి ఒక రోజు ఉంచుతారు.

నీళ్లు మరగకూడదు, 70 నుంచి 80 డిగ్రీలు సరిపోతాయి. మరిగే నీళ్లు ఆకును చేదెక్కిస్తాయి, లోహపు గొట్టం పెదవిని కాలుస్తుంది. 65 డిగ్రీలు దాటిన వేడితో ఏ పానీయం తాగినా అది క్యాన్సర్ కారకం కావచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో చెప్పింది. కాబట్టి పోసిన వెంటనే పీల్చకుండా కాస్త ఆగడం మంచిది.

బుర్రకు అసలు శత్రువు తడి. తాగడం అయిపోగానే ఆకును బయటికి తీయాలి, రాత్రంతా లోపల ఉంచకూడదు. వేడినీళ్లతో తొలిచి కడగాలి. సబ్బు పెడితే ఆ వాసన బుర్రలోకి ఇంకిపోతుంది. ఆ తర్వాత గుడ్డతో తుడిచి, గాలి తగిలేచోట పక్కకు వాల్చి ఆరబెట్టాలి. నేల మీద బోర్లిస్తే ఆవిరి లోపలే చిక్కుకుంటుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో పెడితే బుర్రా చెక్కా నెర్రెలిస్తాయి. వానాకాలంలో ఆరడానికి రెండింతలు సమయం పడుతుంది కాబట్టి రెండు బుర్రలు ఉంచుకుని మార్చి మార్చి వాడుకోవడం తెలివైన పని.

బొంబియాను ప్రతిసారీ ఊదికడగాలి, అప్పుడప్పుడు సన్నని బ్రష్‌తో తోమాలి. పీల్చినప్పుడు బరువుగా వస్తే లోపల పాచి పట్టిందన్నమాట. వంటసోడా కలిపిన నీళ్లలో కాసేపు మరిగిస్తే వదులుతుంది.

బుర్రలో పైపైన బూజు కనిపిస్తే గీకి, మరిగే నీళ్లు పోసి, రెండు రోజులు బాగా ఆరబెట్టి, మళ్లీ పదును చేస్తే నిలబడుతుంది. గోడ మెత్తబడి వేలు నొక్కితే లోపలికి పోతున్నా, కడిగి ఆరబెట్టిన తర్వాతా ముక్కవాసన వస్తున్నా దాన్ని పారేసి కొత్తది తెచ్చుకోవాలి.