కొలిచి వండిన అన్నం

రాత్రి మిగిలిన అన్నాన్ని ఏమి చేయాలి? పారవేయడానికి మనసొప్పదు. మరునాడు మళ్లీ వేడిచేసిన అన్నం ఆరోగ్యానికి అహితమని శాస్త్రం హెచ్చరిస్తుంది. దాదాపు ప్రతి గృహంలోనూ ఎదురయ్యే ఈ ధర్మసంకటానికి పరిష్కారం, మిగిలిన గిన్నె దగ్గర కంటె బియ్యం కొలిచే సోల దగ్గరే సులభంగా దొరుకుతుంది.

ఇంటి లెక్క, లోకపు లెక్క

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచంలో సుమారు 105 కోట్ల టన్నుల ఆహారం వ్యర్థమైంది. అందులో 60 శాతం గృహాల నుంచే వచ్చింది. మన దేశపు ఇళ్లలో తలకు ఏటా సుమారు 55 కిలోలు వ్యర్థమవుతున్నట్లు ఆ నివేదిక అంచనా వేసింది. తొక్కలు, గింజలు, ఎముకలు కూడా చేరిన లెక్క ఇది. మరొకవంక, 2024లో సుమారు 67 కోట్ల మంది ఆకలితో బాధపడ్డారని ఐక్యరాజ్యసమితి సంస్థలు 2025లో తెలిపాయి.

“మా ఇంట మిగిలిన అన్నం పరదేశపు బీదవానికి చేరుతుందా?” అని కొందరు అడుగుతారు. అన్నం చేరదు. కాని ధాన్యం విషయంలో లోకమంతా ఒకే గాదె వంటిది. దేశంలో ధరలు పెరుగుతున్న కారణంగా 2023 జూలైలో మన ప్రభుత్వం బాస్మతీయేతర తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆగస్టు నాటికి అంతర్జాతీయ విపణిలో బియ్యపు ధరలు పదిహేనేళ్ల గరిష్ఠానికి చేరాయి. బియ్యం కొనుక్కుని తినే బీదదేశాలపై ఆ భారం పడింది. 2024 సెప్టెంబరులో నిషేధం తొలగింది. మన గాదెలో గింజ కరవైతే ఎవరి పళ్లెంలో మెతుకు తగ్గుతుందో ఇందువలన తెలుస్తున్నది.

రోజుకు 50 గ్రాముల బియ్యానికి సరిపడే అన్నం పారవేసే ఇల్లు, ఏడాదికి 18 కిలోలకు పైగా బియ్యాన్ని పోగొట్టుకుంటుంది. ఒక కిలో వడ్లు పండడానికి సగటున 2,500 లీటర్ల నీరు కావాలి. ఒక్క ఇంటి పొదుపుతో ధరలు దిగిరావు. కోట్ల ఇళ్ల పొదుపు మాత్రం కొండంత ధాన్యరాశి అవుతుంది.

చరకుడు చెప్పిన రాశి

చరకసంహిత విమానస్థానంలో ఆహారవిధికి ఎనిమిది విశేషాలు చెప్పబడ్డాయి. వాటిలో ఒకటి రాశి, అనగా పరిమాణం. అది రెండు విధాలు. భోజనం మొత్తం పరిమాణం సర్వగ్రహం. అన్నం, పప్పు, కూర మొదలైన ఒక్కొక్క పదార్థపు పరిమాణం పరిగ్రహం. భుజించేవారికి చెప్పిన ఈ నియమం వండేవారికి కూడా వర్తిస్తుంది. అన్నం సరిగానే కొలిచి, దానికి నాలుగు కూరలు చేస్తే సర్వగ్రహం తప్పినట్లే.

భోజనానంతరం కూర్చోవడం, నడవడం, నవ్వడం, మాట్లాడడం సుఖంగా సాగితే ఆహారం మాత్ర మించలేదని చరకుడు గుర్తు చెప్పాడు. వాగ్భటుడు కుక్షిని నాలుగు భాగాలుగా భావించి, రెండు ఘనాహారానికి, ఒకటి ద్రవానికి ఇచ్చి, నాలుగవది వాయుసంచారానికి విడువమన్నాడు.

ఇల్లాలి కడుపు

పారవేయడం ఇష్టంలేని ఇళ్లలో మిగిలినదంతా ఇల్లాలి కంచంలోకి చేరుతుంది. పిల్లవాడు వదలిన పెరుగన్నం, అడుగంటిన కూర, నిన్నటి పప్పు ఆమె పాలవుతాయి. అజీర్ణం, ఆమ్లపిత్తం, స్థౌల్యం వంటి బాధలతో వచ్చే గృహిణులను “మిగిలినది ఎవరు తింటారు?” అని అడిగితే, పలువురు చిరునవ్వుతో తలవంచుకుంటారు. ఆకలి తీరిన తరువాత మింగిన ముద్ద వలన ఆకలిగొన్నవానికి ఏ మేలూ జరగదు. అది మందుల ఖర్చై తిరిగి వస్తుంది. ఈ భారాన్ని ఆమెపై మోపడం కుటుంబానికి తగదు.

ఆచరించదగిన నియమాలు

1. బియ్యం కొలవడానికి ఒకే గిద్దను గాని, గ్లాసును గాని నియమించుకోండి. ఎందరు భోజనం చేస్తారో అడిగి తెలుసుకున్న తరువాతే ఎసరు పెట్టండి. ఏది ఎంత మిగిలినదో వారం దినాలు క్యాలెండరుపై వ్రాసి, ఎనిమిదవ నాడు కొలత సవరించండి.

2. మొదట కొద్దిగా వడ్డించి, అడిగిన తరువాత మారు వడ్డించండి. పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం.

3. వార్చిన గంజిని పారబోయకండి. శాస్త్రంలో మండమని పేరొందిన ఇది తేలికగా జీర్ణమై జఠరాగ్నిని పెంచుతుంది. వేడిగా ఉండగానే చిటికెడు సైంధవలవణం, వేయించిన జీలకర్రపొడి కలిపి, జ్వరం తగ్గి కోలుకుంటున్నవారికి ఇవ్వవచ్చు. మధుమేహులకు ఇది తగదు.

4. బీరకాయ, ఆనపకాయ తొక్కలను బాగా కడిగి నువ్వులతో పచ్చడి చేయండి. కొత్తిమీర కాడలు చారులో వేయండి. పులిసిన మజ్జిగతో మజ్జిగపులుసు కాచండి.

5. అన్నం మిగిలితే రెండు గంటలలోపే చల్లార్చి ఫ్రిజ్‌లో ఉంచండి. మరునాడు ఒక్కసారే పొగలు వచ్చేవరకు వేడిచేయండి. ఇది ఆపద్ధర్మమే గాని నిత్యవిధి కాదు. రాత్రంతా బయట ఉన్న అన్నంలో పుట్టే విషం మళ్లీ వేడిచేసినా నశించదు. పెద్దలు చద్దన్నానికి భోజనం కాగానే పాలుపోసి తోడుపెట్టి, ఉదయమే తినేవారు. అది పొలంలో శ్రమించే దేహాలకు తగిన ఆహారం.

6. ఎవరికైనా పెట్టదలిస్తే అన్నం వేడిగా ఉన్నప్పుడే పెట్టండి. మనం తినజాలని పాచి అన్నాన్ని ఇతరులకు ఇవ్వడం దానమనిపించుకోదు.

కొలత తగ్గించినందువలన మిగిలే బియ్యాన్ని ప్రతిదినం ఒక డబ్బాలో వేయండి. రోజుకు 50 గ్రాములైతే నెలకు కిలోన్నర అవుతుంది. దానిని అవసరమున్న ఇంటికి బియ్యంగానే చేర్చండి. బియ్యం పాచిపోదు. పుచ్చుకున్నవారు తమకు ఆకలైన వేళ, తమ పొయ్యిమీద వండుకుని వేడివేడిగా తింటారు.