శ్రీముఖలింగంలో సెలవులు - ఆనందం, ఆరోగ్యం

సెలవులంటే ఊటీయే వెళ్ళనక్కరలేదు. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఎడమ గట్టున ఉన్న శ్రీముఖలింగంలో, బంధువుల ఇంట రెండు రోజులు గడిపినా మనసు తేలికపడుతుంది.

తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాల శిల్పాలను పిల్లలకు చూపించండి. అయితే ఉదయం పెందలాడే గాని, పొద్దు వాలాక గాని వెళ్ళండి. అక్కడ చెప్పులు విడిచి నడవాలి. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి ఎండలో రాళ్ళ వేడి తెలియదు. బొబ్బలెక్కి, పుండుపడి, చివరికి కాలికే ముప్పు రావచ్చు. అందుకే ఇల్లు చేరగానే అరికాళ్ళు చూసుకోమని షుగరు ఉన్నవారికి మేము మరీమరీ చెబుతాము.

సాయంత్రం ఏటి గట్టున నడవండి. వేసవిలో తాటిముంజలు, చోడి అంబలి రుచి చూడండి. వంశధార ఒడిశా కొండల్లో పుట్టింది. అక్కడ వానలు కురిస్తే, ఇక్కడ ఎండ కాస్తున్నా ఏరు పొంగుతుంది. ఊరివారిని అడగకుండా పిల్లలను నీళ్ళలోకి దింపకండి.

చీకటి పడ్డాక పొలం గట్లపై టార్చిలైటు తప్పనిసరి. పాము కరిస్తే కోయడం, బిగించి కట్టడం, నాటు మందు వేయడం వద్దు. కరిచిన భాగాన్ని కదపకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి చేర్చండి.

రోజూ వాడే మందులు సంచిలో పెట్టుకున్నారా? ఊరికి సెలవు గాని, మందులకు సెలవు లేదు!