సిగ్నల్ ఎర్రగా ఉన్నప్పుడు ఎడమకు తిరగొచ్చా?



ఎరుపు అంటే ఆగాలి, ఆకుపచ్చ అంటే వెళ్ళాలి అని మన పిల్లలు యూకేజీలోనే నేర్చుకుంటారు. అదే పిల్లలు మీ బండి మీద కరీంనగర్‌కో, మీ కారులో హైదరాబాద్‌కో వచ్చినప్పుడు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఎర్ర లైటు ఉంది కదా, మనం ఎడమకు ఎందుకు తిరిగాం?" చాలామంది పెద్దలు చెప్పే జవాబు "లెఫ్ట్ ఎప్పుడూ ఫ్రీయే" అని. ఈ జవాబు సగమే నిజం. మిగతా సగం తెలియకపోతే ప్రమాదం.

చట్టం ఏమంటుంది?

సిగ్నళ్లను, రోడ్డు గుర్తులను పాటించడం డ్రైవర్ విధి అని మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 119 చెబుతుంది. ఎర్ర లైటు వెలిగితే స్టాప్ లైన్ వెనకే ఆగాలి. నేరుగా వెళ్ళేవారికైనా, కుడికి, ఎడమకు తిరిగేవారికైనా ఇదే నియమం. ఎడమకు తిరిగే వీలు ఈ మూడు సందర్భాల్లోనే ఉంటుంది:

• 'ఫ్రీ లెఫ్ట్' అని బోర్డు గానీ, అందుకోసం విడిగా దారి గానీ ఉన్నప్పుడు
• ఎడమవైపు ఆకుపచ్చ బాణం వెలిగినప్పుడు
• డ్యూటీలో ఉన్న పోలీసు చేతితో వెళ్ళమని సైగ చేసినప్పుడు

ఇవేవీ లేకపోతే ఎడమకు తిరిగినా సిగ్నల్ దాటినట్టే. 2019లో చేసిన సవరణ తర్వాత, ఎర్ర లైటు దాటి ఇతరులకు అపాయం కలిగించడం సెక్షన్ 184 కింద ప్రమాదకర డ్రైవింగ్. కేంద్ర చట్టం ప్రకారం మొదటి తప్పుకు రూ.1,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా గానీ, ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

ఆగినా చలానే!

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు 2022 అక్టోబర్‌లో 'ఆపరేషన్ రోప్' మొదలుపెట్టినప్పుడు స్టాప్ లైన్ దాటితే రూ.100, ఫ్రీ లెఫ్ట్‌కు అడ్డంగా బండి ఆపితే రూ.1,000 జరిమానా అని ప్రకటించారు. నేరుగా వెళ్ళాల్సినవారు ఎడమ చివర ఆగితే వెనక ఎడమకు తిరగాల్సిన బండ్లన్నీ ఆగిపోతాయి. అందుకే చౌరస్తాకు చేరకముందే మనం వెళ్ళాల్సిన వరుసలోకి రావాలి.

అమెరికాలో ఎలా?

అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి కాబట్టి ఈ ప్రశ్న కుడి మలుపు గురించి వస్తుంది. ఇంధనం ఆదా చేయడానికి 1975లో తెచ్చిన చట్టం ఎర్ర లైటు దగ్గర కుడి మలుపును అనుమతించేలా రాష్ట్రాలను ప్రోత్సహించింది. అయితే అక్కడ ముందు బండిని పూర్తిగా ఆపాలి, నడిచేవారికి దారి ఇవ్వాలి, ఆ తర్వాతే తిరగాలి. న్యూయార్క్ నగరంలో అనుమతించే బోర్డు ఉంటే తప్ప ఆ మలుపు కూడా నిషేధమే.

అసలు ప్రమాదం ఎవరికి?

జీబ్రా క్రాసింగ్ మీద నడిచే పిల్లలకు. ఎర్ర లైటు చూసి బండ్లన్నీ ఆగాయని నమ్మి వాళ్ళు అడుగు వేస్తారు. అదే సమయంలో ఎడమకు తిరిగే డ్రైవర్ కుడివైపు నుంచి వచ్చే బండ్లనే చూస్తుంటాడు. ముందున్న పిల్లవాడు కంటపడడు. కాబట్టి ఫ్రీ లెఫ్ట్ ఉన్నచోట కూడా వేగం తగ్గించాలి, నడిచేవారికి ముందు దారి ఇవ్వాలి.

రెండో ప్రమాదం లారీలతో. చెన్నూరు మీదుగా 63వ నంబరు జాతీయ రహదారి వెళ్తుంది కాబట్టి ఇది మనకు బాగా సంబంధించిన విషయం. లారీ ఎడమకు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, ఇంకా లోపలికి కోసుకుంటూ వస్తాయి. డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కనుక ఎడమ పక్కన ఉన్న స్కూటీ అతనికి కనబడకపోవచ్చు. మలుపు దగ్గర లారీకి ఎడమవైపు సందులో బండి దూర్చకండి. వెనకే ఆగండి.

సిగ్నల్ లేని చౌరస్తాలో

ముందుగా వేగం తగ్గించాలి. ప్రధాన రహదారి మీద వెళ్ళే బండ్లకు దారి ఇవ్వాలి. అలాంటి తేడా లేని రోడ్లయితే కుడివైపు నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి. ఎడమకు తిరిగేటప్పుడు రోడ్డు ఎడమ అంచునే తిరగాలి, మధ్యలోకి వెళ్ళకూడదు.

ఇంట్లో చేయాల్సినవి

• రోడ్డు దాటేటప్పుడు లైటును మాత్రమే కాదు, ఎడమకు తిరిగే బండ్లను కూడా చూడాలని పిల్లలకు చెప్పండి.
• "బోర్డు ఉందా? బాణం ఉందా?" అని బండి మీద మీతో వచ్చే పిల్లలనే అడగండి. వారి జవాబు విన్నాకే తిరగండి.
• హైస్కూల్ పిల్లలకు బండి తాళం ఇవ్వకండి. మైనర్ బండి నడిపి నేరం చేస్తే సెక్షన్ 199ఏ కింద తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా పడవచ్చు. ఆ పిల్లలకు 25 ఏళ్లు నిండే వరకు లైసెన్సు రాదు.

ఎర్ర లైటు దగ్గర మీరు ఆగిన ప్రతిసారీ వెనక కూర్చున్న పిల్లలు చూస్తుంటారు. రేపు వాళ్ళు బండి నడిపేటప్పుడు గుర్తుకొచ్చేది అదే.