దృశ్యకావ్యము నభ్యసించు విద్యార్థికి



ఉత్సవ దినములలో మన గోదావరీ తీర క్షేత్రములందు పాఠశాల విద్యార్థులచే సంస్కృత రూపకము నాడింపవలెనని తలచు పెద్దలు, ఏ నాటకముతో మొదలుపెట్టవలెను, ఎట్లు నేర్పవలెను అని నన్నడుగుచుందురు. నేను నటుడను కాను. వేదమును, కొంత వ్యాకరణమును చదివినవాడను. అయినను పిల్లలతో కూర్చుండి తెలిసికొనిన సంగతులు కొన్ని విన్నవించెదను.

మా బాల్యమున శాకుంతలము పాఠము జరిగినది. పదచ్ఛేదము, అన్వయము, సమాసము, అలంకారము అన్నియు చెప్పుకొంటిమి. కాని ఒక్కనాడును ఎవ్వరమును లేచి నిలుచుండి ఒక మాట పలుకలేదు. దృశ్యకావ్యమని పేరు చెప్పుచునే దానిని శ్రవ్యకావ్యముగ ముగించితిమి. ఆ లోపము నాకు అరువది యేండ్లు దాటిన పిదప గాని తెలియలేదు.

క్రొత్తవారు శాకుంతలము జోలికి పోరాదు. ఏడంకములు, ప్రాకృత భాషణములు, సుకుమారమైన శృంగారము పిల్లలకు మోయరాని బరువు. దశరూపకములలో వ్యాయోగమని యొకటి కలదు. ఒకే అంకము, ఒక్క దినపు కథ, అందరెరిగిన ఇతివృత్తము, స్వల్పముగ స్త్రీపాత్రలు. ఇది మనకు పరాయిది కాదు. ప్రక్కనున్న ఓరుగల్లులో ప్రతాపరుద్రుని కాలమున (1289–1323) విశ్వనాథకవి రచించిన సౌగంధికాహరణము వ్యాయోగమే. ఆ ఆస్థానముననే విద్యానాథుడు నాటక లక్షణములకు ఉదాహరణముగ ఐదంకముల నాటకమొకటి వ్రాసి తన ప్రతాపరుద్రీయములో చేర్చెను.

అయినను మొదటి మెట్టుగ నేను భాసుని మధ్యమవ్యాయోగమునే యెన్నుకొందును. తిరువనంతపురపు గణపతిశాస్త్రిగారు 1909లో తాళపత్రములను కనుగొని, 1912 నుండి అచ్చు వేయించిన పదుమూడు రూపకములలో నిది యొకటి. వాక్యములు చిన్నవి, సమాసముల చిక్కు తక్కువ. అడవిలో పోవుచున్న యొక బ్రాహ్మణ కుటుంబమును ఘటోత్కచుడు అడ్డగించును. తల్లి హిడింబ వ్రతపారణకు ఒక మనుష్యుడు కావలెను. ముగ్గురు కొడుకులును నేను పోదునన నేను పోదునందురు. పెద్దవానిని తండ్రి విడువలేడు, చిన్నవానిని తల్లి విడువలేదు, నడిమివాడు మిగిలిపోవును. ఐతరేయ బ్రాహ్మణమున శునఃశేపుని కథ చదివినవారికి ఇచ్చట మనస్సు చివుక్కుమనక మానదు. అక్కడను తండ్రి పెద్దవానిని, తల్లి చిన్నవానిని పట్టుకొనగా నడిమివాడే నూరు గోవులకు అమ్ముడుపోయెను.

మా పిల్లలు మొదటిసారి దీనిని ఉత్సవ మండపమున ఆడిరి. ఉచ్చారణలో ఒక్క తప్పు లేదు. శ్లోకము వచ్చినప్పుడెల్ల అలవాటైన రాగములో, చేతులు కట్టుకొని, జనులవైపు తిరిగి అప్పగించిరి. ముగిసిన పిమ్మట ఒక వృద్ధురాలు నా దగ్గరకు వచ్చి, "అయ్యా, ఇది ఏ దేవుని స్తోత్రము?" అని భక్తితో అడిగినది. నాకు సమాధానము తోచలేదు.

వేదవిద్యార్థికి ఉన్న బలమును, చిక్కును ఇదియే. గొంతు స్థిరముగ నుండును, అక్షరము చెడదు, కాని ఎదుటివానితో మాటలాడుట రాదు. బ్రహ్మ పాఠ్యమును ఋగ్వేదమునుండి గ్రహించెనని నాట్యశాస్త్రము చెప్పుచున్నది. భరతుడు ఉదాత్తానుదాత్తస్వరితములను కంపితముతో కూర్చి పాఠ్యమునకు గుణములుగ చెప్పెను. దూరముననున్నవానితో శిరస్సునుండి, కొంత దూరమువానితో కంఠమునుండి, ప్రక్కనున్నవానితో ఉరస్సునుండి పలుకవలెనని స్థానములను విభజించెను. అనగా ఎవ్వనితో పలుకుచున్నావో ముందుగ తెలియవలెను. (వేదమంత్రములను మాత్రము సస్వరముగ రంగముపై వినిపింపరాదని నా దృఢాభిప్రాయము.)

అందుచే మరుసటి యేడు పుస్తకములు మూయించి, శ్లోకార్థమును మీ ఇంటి మాటలలో చెప్పుడని కోరితిని. రెండు దినములు నవ్వులాటగ గడిచెను. మూడవనాడు నడిమి కొడుకు పాత్రధారి, తండ్రి పాత్రధారివైపు తిరిగి, "గట్లయితె నేనే పోత బాపూ" అని, తరువాతి మాట పలుకలేక నిలిచిపోయెను. వాడు తన యింట నడిమివాడని, ఎనిమిదవయేట పాఠశాలకు పంపబడినది వాడొక్కడేయని నాకు అంతవరకు తెలియదు. పెద్దవాడు సేద్యములో, చిన్నవాడు తల్లి దగ్గర. నేనేమియు అడుగలేదు. ఆ సాయంకాలము వాడు శ్లోకము నెత్తుకొన్నప్పుడు రాగము లేదు. ఒక్కొక్క పదము తండ్రివైపు పోయెను. తండ్రి వేషగాడు తల వంచుకొనెను. అట్లు చేయుమని ఎవ్వరును వానికి నేర్పలేదు.

ఘటోత్కచుని కష్టము వేరు. నీటికై పోయి ఆలసించిన బాలుని వాడు "మధ్యమా" అని పిలువగా, తన్నే పిలిచిరనుకొని భీముడు వచ్చును. కథయంతయు ఆ పిలుపుపై నిలిచియున్నది. మా వాడు దానిని ప్రక్కగదిలోనివానిని పిలిచినట్లు పిలిచెను. దూరమునుండి పిలుచునప్పుడు చివరి అచ్చు ప్లుతము కావలెనని పాణిని విధించెను. ఆ సూత్రమును నేను ముప్పదియేండ్లు పాఠము చెప్పితిని. ఇంకొక బాలుని గోదావరి మెట్ల చివరకు పంపి, వానికి వినబడునట్లు పిలువుమంటిని. అప్పుడు గాని సూత్రము శిష్యునకును, గురువునకును అర్థము కాలేదు.

నడక, నిలుకడ నా వలన రాలేదు. కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతపు పల్లెలలో చిందు భాగవతులు రాత్రి తెల్లవారులు యక్షగానము లాడెడివారు. బాల్యమున మమ్ములను అటు పోనిచ్చెడివారు కారు. చాటుగ దూరమునుండి చూచితిమి. కులము పేరిట అట్లు దూరముంచుట మా పెద్దల తప్పు, దానిని నేనును చాలకాలము మోసితిని. ఇప్పుడు పిల్లలను తీసికొనిపోయి ముందు వరుసలో కూర్చుండబెట్టితిని. పాత్ర వచ్చి తన్ను తాను ఎరిగించుకొను తీరు, ఒక్క చుట్టు తిరిగిన వేరొక చోటికి చేరినట్లు తెలియజేయుట, వెనుకటి వరుసకు మాట చేరవేయుట అక్కడ కనుల యెదుట కనబడెను. భరతుడు చెప్పిన పరిక్రమణము నాకును అక్కడనే తెలిసినది.

ఆహార్యమును గూర్చి నేను ఎక్కువ చెప్పను. రాక్షసునకు రంగు, బ్రాహ్మణునకు గొడుగు చాలును. వేషములకై వెచ్చించు ధనము పిల్లల భోజనమునకు ఉపయోగించును. అభ్యాసమునకు మాత్రము మూడు నెలలకు తక్కువ చాలదు. మొదటి నెల అంతయు అర్థమునకే.

ఈ యేడు నడిమి కొడుకు పాత్రను మరియొకనికి ఇచ్చితిని. వెనుకటివాడు ఇప్పుడు భీముడు. ఘటోత్కచుడును క్రొత్తవాడే; ప్రతి సాయంకాలము మెట్లపై నిలుచుండి పిలుచుచున్నాడు. అవతలి చివరనున్న భీముడు ఇంకను వినబడలేదని చేయి ఊపుచునే యున్నాడు.