పరాయి దేశంలో ప్రేమ విందు

కువైట్‌లో డిసెంబరు 25 సెలవు దినం కాదు. నెల్లూరు తీరం నుండి, కడప నుండి బతుకుతెరువు కోసం అక్కడికి వెళ్లిన మన విశ్వాసులలో చాలామంది ఆ రోజు కూడా పనిలోకి వెళ్లవలసిందే. అందుచేత వారి క్రిస్మస్ విందు తరచుగా శుక్రవారానికి జరుగుతుంది. మన ఆదివారపు ఆరాధన కూడా అక్కడ శుక్రవారమే కదా!

రోజు మారినా వంట మారదు. మైపాడు, ముత్తుకూరు వైపు వారు నలుగురు కలిస్తే చేపల పులుసు లేనిదే పండుగ కాదు. మన చందువను అక్కడ జుబైదీ అంటారు. కువైట్ వారికీ అదంటే ఎంతో ప్రీతి. చింతపండు, పచ్చిమామిడి మనవాళ్ల దుకాణాల్లో దొరుకుతాయి. పులుసు ముందురోజు రాత్రే కాచి ఉంచితే మర్నాటికి ముక్కకు రుచి పడుతుంది. నెల్లూరు వారికి ఈ సంగతి మనం చెప్పనక్కరలేదు.

ఇళ్లలో పనిచేసే మన అక్కచెల్లెళ్ల పరిస్థితి వేరు. వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలని 2015లో కువైట్ చట్టం చేసింది. అయినా ఆ సెలవు చేతికి అందని వారున్నారు. అటువంటి అక్క కోసం ఒక గిన్నె పులుసు పక్కన తీసిపెట్టే స్నేహితులుంటే ఆమెకు అదే క్రిస్మస్.

అయితే ఆ విందులో మనం చూడవలసింది మరొకటుంది. ఇరుకు గదిలో నేలమీద కాగితాలు పరిచి అందరూ చుట్టూ కూర్చుంటారు. పట్టపుపాళెం కుర్రవాడు, మాలపల్లె అన్న, మాదిగపల్లె తమ్ముడు, రెడ్డిగారి అబ్బాయి ఒకే పళ్లెంలో చేతులు పెడతారు. ఎవరిదే పల్లె అని అడిగే తీరిక ఎవరికుంటుంది? వారంతా అక్కడ పరదేశులే. అదే మనుషులు సెలవు మీద ఊరికి వస్తే ఏమవుతుంది? కొన్నిచోట్ల పల్లెకొక గుడి, గుడికొక బంతి. గల్ఫ్‌లో కలిసిన చేతులు ఇక్కడ వెనక్కి వెళతాయి.

పేతురు చేసిందీ ఇదే. చేపలు పట్టే ఈ గలిలయుడు యొప్పేలో సముద్రపు దరినున్న చర్మకారుడైన సీమోను ఇంట్లో బస చేశాడు. అక్కడే దర్శనం చూసి, అన్యుడైన కొర్నేలీ గడప తొక్కాడు. అంతియొకయలోనూ అన్యజనులతో కలిసి భోంచేశాడు. కానీ యాకోబు దగ్గర నుండి కొందరు రాగానే భయపడి మెల్లగా బంతి నుండి తప్పుకున్నాడు. బర్నబా వంటివాడు కూడా ఆ వేషధారణలో కొట్టుకుపోయాడు. పౌలు ముఖాముఖిగా ఎదిరించాడు (గలతీ 2). గమనించండి, అక్కడ పేతురు తన బోధలో ఒక్కమాట కూడా మార్చలేదు. భోజనం దగ్గర చోటు మార్చాడు. పౌలుకు అదే సువార్త సత్యం తప్పడంగా కనబడింది.

మన ప్రాంతానికి ఈ ప్రశ్న పాతదే. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు వచ్చాడు. 1866లో ఒంగోలు చేరిన జాన్ క్లౌను, మాదిగలను చేర్చుకుంటే తాము రామని పై కులాల వారు హెచ్చరించారు. ఆ రాత్రి క్లౌ, ఆయన భార్య విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీ మొదటి అధ్యాయంలో, లోకం నీచమైనవారిగా ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగమే వచ్చిందట. వారు మాదిగ విశ్వాసులను వదలలేదు. చర్మకారుల కులంలో పుట్టిన ఎర్రగుంట్ల పేరయ్య ఆ ఉజ్జీవానికి ముందు నడిచాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆనాడు చులకన చేయబడిన వారి మనుమలే నేడు ఎన్నో సంఘాల్లో పెద్దలు. కనుక బంతులు వేరు చేయడం మనకు మరీ తగదు.

క్రిస్మస్ ప్రేమ విందుకు మన సంఘాలు చందాలు వేసుకుంటాయి, బియ్యం బస్తాలు లెక్కిస్తాయి. ఈసారి ఆ కమిటీలో గల్ఫ్ నుండి సెలవు మీద వచ్చిన ఒక అన్ననో అక్కనో కూర్చోబెట్టండి. ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టాలో వారిని అడగండి. పక్క పల్లె గుడివారికి కూడా కబురు పంపండి. పులుసు కాస్త ఎక్కువ కాచితే సరిపోతుంది.