గోదావరి లంకల్లో కృష్ణజింకలు.. కంటికి చిక్కకపోయినా జాడ ఇలా పట్టేయొచ్చు!

ధవళేశ్వరం బ్యారేజీ చుట్టుపక్కల గోదావరి లంకల్లో కృష్ణజింకలు ఉన్నాయంటే ఇప్పటికీ చాలామంది నమ్మరు. వరదలప్పుడే ఇవి వార్తల్లోకి వస్తాయి. మిగతా రోజుల్లో రెల్లు దుబ్బుల చాటునే. మనిషి అలికిడైతే చాలు.. మాయం! అందుకే లంకలోకి వెళ్లినవాళ్లు వెతకాల్సింది జింకను కాదు, అది వదిలిన గుర్తుల్ని.

ముందు తడి ఇసుక, ఒండ్రు నేల చూడాలి. పొద్దున్నే అయితే గుర్తులు చెదరకుండా ఉంటాయి. రెండుగా చీలిన గిట్ట సన్నగా, ముందువైపు మొనదేలి ఉంటే కృష్ణజింక అయ్యే అవకాశం ఎక్కువ. మేక గిట్ట కాస్త మొద్దుగా ఉంటుంది. గిట్టలు లోతుగా దిగి, ఆ తర్వాత చాలా దూరం గుర్తే లేదా? బెదిరి గెంతిందన్నమాట.

అంతకంటే గట్టి ఆధారం పెంటికలు. మేకలు నడుస్తూ నడుస్తూ వేసేస్తాయి. మగ కృష్ణజింక అలా కాదు.. మళ్లీ మళ్లీ ఒకే చోటుకి వచ్చి వేస్తుంది. 'ఈ జాగా నాది' అని మిగతా మగవాటికి చెప్పడమే ఇది. ఖాళీ గడ్డినేలలో పాతవీ కొత్తవీ కలిసి కుప్పగా కనిపిస్తే ఆ చుట్టుపక్కలే ఉన్నట్టు లెక్క.

ఊడిన కొమ్ముల కోసం మాత్రం వెతక్కండి. పేరుకి జింకే కానీ ఇది దుప్పి జాతి కాదు. దుప్పి కొమ్ములు ఏటా ఊడి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింకకు ఆ మెలితిరిగిన కొమ్ములు జీవితాంతం ఉంటాయి.

ఇక అసలు గండం జూలై, ఆగస్టుల్లో. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జూలైలో అది కూడా దాటేసి, 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పోయింది. లంక మునిగితే జింకలు మెరక వెతుక్కుంటూ ఏటిగట్టు వైపు వస్తాయి. అక్కడేమో కుక్కలు, సెల్‌ఫోన్లు పట్టుకున్న జనం! తరిమి పట్టుకుంటే ఒంటిమీద గాయం లేకపోయినా ఆ బెదురుకే ప్రాణం పోవచ్చు. కుక్కల్ని ఆపి, దూరంగా ఉండి అటవీశాఖకు కబురు చేయడమే మనం చేయగలిగింది.

2018 నుంచి ఇది ఏపీ రాష్ట్ర జంతువు. వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది కాబట్టి, వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు.

వరద తీశాక లంకల్లో కొత్త ఒండ్రు మేట వేస్తుంది. జింకలు మిగిలాయా, లేదా అన్నది ఆ ఒండ్రు మీద పడే గిట్టల గుర్తులే చెబుతాయి.