సలసల కాగే నీళ్లలోనూ కాపురాలే!

కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టించుకుని, ఆర్‌టీ-పీసీఆర్ రిపోర్టు కోసం ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నాం గుర్తుందా? ఆ టెస్టుకి పునాది ఎక్కడ పడిందో తెలుసా? అమెరికాలో ఓ వేడినీటి గుంటలో! అక్కడ కాపురముంటున్న కంటికి కనిపించని ఓ బాక్టీరియా లేకపోతే, పీసీఆర్ టెస్టు ఇంత తేలిగ్గా, ఇంత చవగ్గా ఊరూరికీ వచ్చేది కాదు.

మాది సున్నిపెంట. శ్రీశైలం డ్యామ్ కట్టేటప్పుడు వెలసిన ప్రాజెక్టు కాలనీ. చుట్టూ నల్లమల. అటవీశాఖ వాళ్ల జీవవైవిధ్య పరిశోధన కేంద్రం కూడా మా ఊళ్లోనే ఉంది. పులుల దగ్గర్నుంచి సాలీళ్ల దాకా అడవిలో ఏమేం ఉన్నాయో వాళ్లు లెక్క రాస్తుంటారు. నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చదివింది ఇంజినీరింగ్. బయాలజీకి పదో తరగతితోనే దండం పెట్టేశా. కానీ డీఎన్ఏ అంటే నాలుగక్షరాల కోడ్ అని అర్థమయ్యాక మళ్లీ దాని వెంట పడ్డా. అందులో నాకు బాగా నచ్చిన సబ్జెక్టు ఈ వేడినీటి బుగ్గలు.

మన దగ్గర ఉన్నాయా?

మా జిల్లాలో అందరికీ తెలిసిన బుగ్గ మహానంది. కోనేటి నీళ్లు చలికాలం వెచ్చగా, ఎండాకాలం చల్లగా ఉంటాయంటారు. నిజానికి భూమి లోపలి నీటి వేడి ఏడాది పొడవునా పెద్దగా మారదు. మారేది బయట గాలి. అందుకే మన ఒంటికి అలా అనిపిస్తుంది. కాబట్టి మహానందిని వేడినీటి బుగ్గ అనలేం.

అసలైన వేడినీళ్లు చూడాలంటే గోదావరి లోయకి వెళ్లాలి. భద్రాచలం దగ్గరి గుండాలలో నది ఇసుకలో గుంత తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. మణుగూరు దగ్గర పగిడేరులో అయితే బోర్లలోంచే వేడినీళ్లు తన్నుకొస్తాయి. ఆ వేడితో కరెంటు తీయడానికి సింగరేణి 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంట్ కూడా పెట్టింది. ఇంకాస్త అవతలికి, మనవాళ్లు ఎక్కువగా ఉండే ఒడిశాలోని బరంపురం వెళ్తే, అక్కడికి 50 కిలోమీటర్ల దూరంలో తప్తపాణి ఉంది. గంధకం వాసనతో వేడినీళ్లు ఉబికి వస్తుంటాయి.

అగ్నిపర్వతాలు లేని చోట ఈ వేడి ఎక్కడిదంటారా? భూమిలోకి కిలోమీటరు దిగితే దాదాపు 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. వాననీరు రాళ్ల పగుళ్ల వెంట లోతుకి ఇంకి, అక్కడ కాగి, ఇంకో పగులు దొరకగానే పైకి ఎగదన్నుతుంది. అంతే.

ఎంత వేడిలో ఎవరుంటారు?

కోడిగుడ్డు ఉడికితే తెల్లసొన గట్టిపడుతుంది కదా. అందులోని ప్రొటీన్లు వేడికి రూపం చెడి ఒకదానికొకటి అతుక్కుపోవడం వల్ల అలా జరుగుతుంది. మన ఒంట్లోవీ ప్రొటీన్లే. అందుకే జ్వరం నాలుగైదు డిగ్రీలు పెరిగితే ప్రాణం మీదకొస్తుంది.

వేడినీటి బుగ్గలో అయితే ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో గుంపు ఆగిపోతుంది. 50 డిగ్రీలు దాటాక జంతువులు బతకడం దాదాపు అసాధ్యం. 60 దాటాక బూజులు కూడా చేతులెత్తేస్తాయి. 73 దగ్గర ఎండతో ఆహారం తయారుచేసుకునే జీవులన్నీ ఆగిపోతాయి. అక్కడి నుంచి పైన బాక్టీరియా, ఆర్కియాలదే రాజ్యం. ఆర్కియా అంటే చూడ్డానికి బాక్టీరియాలాగే ఉన్నా, పుట్టుకలో పూర్తిగా వేరే వంశం. ఈ సంగతి 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ బయటపెట్టారు. సముద్రం అడుగున వేడినీళ్లు చిమ్మే చోట దొరికిన ఓ ఆర్కియా, అధిక పీడనంలో 122 డిగ్రీల దగ్గర కూడా పిల్లల్ని పెట్టింది. మన ప్రెషర్ కుక్కర్‌లో వేడి కూడా దాదాపు అంతే!

ఇవి ఎలా తట్టుకుంటాయి? వాటి ప్రొటీన్లు గట్టిగా మడతపడి, లోపల ఎక్కువ బంధాలతో బిగిసి ఉంటాయి. కొన్ని ఆర్కియాల పైపొర రెండు పొరలుగా కాకుండా ఒకే పొరగా అతుక్కుని ఉంటుంది. కాబట్టి వేడికి విడిపోదు.

అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో గ్రాండ్ ప్రిస్మాటిక్ బుగ్గ ఫొటో మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. మధ్యలో నీలం, చుట్టూ పసుపు, నారింజ రంగులు. ఆ రంగులన్నీ సూక్ష్మజీవులు పరిచిన పాచివే. నీళ్లు అంచుకి పారుతూ చల్లారేకొద్దీ కాపురం మారుతుంది, దాంతో రంగూ మారుతుంది. మధ్యలో మరీ వేడి కాబట్టి పాచి పట్టదు. అక్కడ కనిపించే నీలం నీటి రంగే.

లెక్క ఎలా పెడతారు?

ఇక్కడే నాలాంటి కోడింగ్ వాళ్లకి అసలు మజా. ఒకప్పుడు ల్యాబ్‌లో గాజు పళ్లెంలో మేత వేసి పెంచితే పెరిగిన సూక్ష్మజీవులే లెక్కలోకి వచ్చేవి. ప్రకృతిలో ఉన్నవాటిలో అత్యధిక భాగం అలా పెరగనే పెరగవు. ఊళ్లో జనాభా లెక్కకి వెళ్లి, తలుపు తీసిన ఇళ్లనే రాసుకున్నట్టు అన్నమాట.

తర్వాత దారి మారింది. బాక్టీరియా, ఆర్కియా అన్నిట్లోనూ 16ఎస్ అనే ఓ జన్యువు ఉంటుంది. పొడవు సుమారు 1,500 అక్షరాలు. అందులో కొన్ని చోట్ల అందరికీ దాదాపు ఒకే రాత, కొన్ని చోట్ల ఎవరి రాత వాళ్లది. ఒకలాంటి చోటు పట్టుకుని జన్యువుని వెతకొచ్చు, తేడా ఉన్న చోటు చదివి అది ఎవరిదో చెప్పొచ్చు. మన ఆధార్ నంబర్ లాగా అనుకోండి. సీసాడు నీళ్లో, చెంచాడు బురదో తెచ్చి, అందులోని డీఎన్ఏ మొత్తం ఒకేసారి చదివేస్తారు. ఎవర్నీ పెంచాల్సిన పనే లేదు.

ఇలా వెతికినప్పుడు నార్మన్ పేస్ బృందానికి ఎల్లోస్టోన్‌లోని అబ్సిడియన్ పూల్ అనే ఒక్క గుంటలోనే, ఏ పెద్ద వంశానికీ చెందని 12 కొత్త బాక్టీరియా విభాగాలు దొరికాయి. ఆ ఫలితాలు 1998లో వచ్చాయి. కొత్త జాతులు కాదు, కొత్త విభాగాలు! జంతువుల్లో అయితే మనకీ నత్తకీ ఉన్నంత దూరం.

పాచి నుంచి పీసీఆర్

1966లో థామస్ బ్రాక్, ఆయన స్టూడెంట్ హడ్సన్ ఫ్రీజ్ ఎల్లోస్టోన్‌లోని మష్రూమ్ స్ప్రింగ్ నుంచి థర్మస్ అక్వాటికస్ అనే బాక్టీరియాని పట్టుకున్నారు. వేడిని ప్రేమించే జీవిని కనిపెట్టినాయన ఇంటిపేరు ఫ్రీజ్! 1976లో ఆలిస్ చియెన్ బృందం దాన్నుంచి డీఎన్ఏని కాపీ చేసే ఎంజైమ్‌ని వేరుచేసింది. దాన్నే టాక్ అంటారు.

పీసీఆర్ ఆలోచన కేరీ ములిస్‌ది, 1983లో. డీఎన్ఏని 95 డిగ్రీల దగ్గర వేడిచేసి విడదీయాలి, చల్లార్చాలి, కాపీ చేయాలి. మళ్లీ మళ్లీ ఇదే లూప్. ఒక్కటి రెండవుతుంది, రెండు నాలుగు. 30 సార్లు తిప్పితే 107 కోట్లు. చిక్కేంటంటే, మామూలు ఎంజైమ్ ప్రతి రౌండ్‌లోనూ ఉడికిపోయేది. ప్రతిసారీ కొత్తది పోయాలి. టాక్ ఆ వేడిని తట్టుకుంటుంది కాబట్టి, ఒకసారి వేస్తే చాలు. ములిస్‌కి 1993లో నోబెల్ వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే రోష్ కంపెనీ పీసీఆర్ హక్కులని 30 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. ఆ బాక్టీరియాకి ఇల్లయిన ఎల్లోస్టోన్ పార్కుకి మాత్రం అందులో వాటా రాలేదు.

మన బుగ్గల సంగతేంటి?

మన దేశంలోనూ పని జరుగుతోంది. హిమాచల్‌లోని మణికరణ్‌లో గురుద్వారా వాళ్లు లంగరు అన్నం ఆ వేడినీళ్లలోనే వండుతారు. అక్కడ దొరికిన థర్మస్ చుట్టానికి ఢిల్లీ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు అక్కడి పార్వతి లోయ పేరు మీద థర్మస్ పార్వతియెన్సిస్ అని పేరు పెట్టారు.

ఇక చట్టం. 2002 నాటి జీవవైవిధ్య చట్టం లెక్కలో మొక్కలు, జంతువులే కాదు, సూక్ష్మజీవులు కూడా జీవవనరులే. ప్రతి పంచాయతీకీ జీవవైవిధ్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. ఎవరైనా ఆ వనరుతో వ్యాపారం చేస్తే లాభంలో స్థానికులకి వాటా అడిగే దారి కూడా అందులోనే ఉంది. అప్పట్లో ఎల్లోస్టోన్‌కి లేని అవకాశం మనకి కాగితం మీద ఉందన్నమాట. కానీ రిజిస్టర్ అనగానే వేపచెట్టు, తంగేడు, నాటు కోళ్లే గుర్తొస్తాయి. వేడినీటి గుంటలో పచ్చటి పాచి ఎవరికి గుర్తొస్తుంది?

కరెంటు తీయొద్దని కాదు, భక్తుల కోసం మెట్లు కట్టొద్దనీ కాదు. పైపు వేసే ముందు, సిమెంటు పోసే ముందు నీటి వేడెంతో చూసి, ఒక సీసాలో నీళ్లు, కాస్త పాచి తీసి దాచమనే. పాచిని చీపురుతో రుద్దేశాక, ఊటని గొట్టంలోకి మళ్లించేశాక, అక్కడ ఏముండేదో ఏ కంప్యూటరూ చెప్పలేదు. బ్యాకప్ లేకుండా డిలీట్ కొట్టినట్టే.

వెళ్తే ఇవి గుర్తుంచుకోండి

* బుగ్గలో సబ్బు, షాంపూ వాడొద్దు. రంగు రంగుల పాచిని పీకొద్దు.
* గోరువెచ్చని నీళ్లలో తల ముంచొద్దు, ముక్కులోకి నీళ్లు పోనివ్వొద్దు. మెదడుని తినే అమీబాగా వార్తల్లోకెక్కిన నేగ్లేరియా ఇలాంటి నీళ్లలో ఉండొచ్చు. చాలా అరుదు, కానీ ప్రాణాంతకం.
* మీ ఊళ్లో ఊట ఉంటే, అది రిజిస్టర్‌లో ఉందో లేదో పంచాయతీలో అడగండి.
* కోడింగ్ వచ్చా? ఎన్‌సీబీఐ వెబ్‌సైట్‌లో ప్రపంచంలోని ఎన్నో వేడినీటి బుగ్గల డీఎన్ఏ డేటా ఫ్రీగా ఉంది. ఓ ఆదివారం ఒక ఫైలు దించి చూడండి. ఏ పేరూ దొరకని అక్షరాల వరస ఒకటైనా మీకు ఎదురు కావొచ్చు.